సర్వో డ్రైవ్‌కి ఎస్‌టీఓ వైరింగ్: జంపర్ పీకేశాక చేయాల్సిన పని

బెంగళూరు పీణ్యాలోని ప్యానెల్ షాపుల్లో పనికి హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "సర్వో ఆన్ వైరుని ఎమర్జెన్సీ స్విచ్‌లోంచి తిప్పితే చాలదా అన్నా?" చాలదు. సర్వో ఆన్ అంటే మోటారుని సిద్ధం చేయమని డ్రైవ్‌కి, అంటే మోటారుని నడిపే పెట్టెకి, చెప్పే సిగ్నల్. దాన్ని చదివేది డ్రైవ్‌లోని ప్రాసెసర్. అది హ్యాంగ్ అయితే మీరు స్విచ్ నొక్కినా పట్టించుకునే దిక్కుండదు. ఎస్‌టీఓ, అంటే సేఫ్ టార్క్ ఆఫ్ (మోటారు తిప్పే బలాన్ని తీసేయడం), వేరు. అక్కడ 24 వోల్టులు పోగానే మోటారుకి కరెంటు పంపే ట్రాన్సిస్టర్ల గేట్ సిగ్నల్సే ఆగిపోతాయి. ఐఈసీ 61800-5-2 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దీని నిర్వచనం ఉంది.

చాలా డ్రైవ్‌లు ఎస్‌టీఓ కనెక్టర్‌లో జంపర్‌తోనే, అంటే 24 వోల్టులు ఎప్పుడూ అందేలా వేసిన చిన్న వైరు ముక్కతోనే వస్తాయి. ట్రయల్ అయ్యాక తీద్దాంలే అంటే అది కస్టమర్ దగ్గరికి కూడా అలాగే పోతుంది. ముందే పీకేయండి.

ఎమర్జెన్సీ స్విచ్‌కి రెండు ఎన్‌సీ (నొక్కితే తెరుచుకునే) కాంటాక్ట్‌లు ఉండాలి. రెండూ విడివిడిగా సేఫ్టీ రిలే (ఆ రెండు కాంటాక్ట్‌లనీ గమనించి అవుట్‌పుట్ తెరిచే రిలే) ఇన్‌పుట్లకి వెళ్లాలి. రిలే అవుట్‌పుట్ కాంటాక్ట్‌లు రెండింట్లో ఒకదాన్నుంచి ఎస్‌టీఓ 1కి, ఇంకోదాన్నుంచి ఎస్‌టీఓ 2కి 24 వోల్టులు ఇవ్వండి. వైరు మిగులుతుందని డ్రైవ్ దగ్గర రెండింటినీ కలిపి ఒకే వైరు లాగేవాళ్లున్నారు. రెండు ఛానెళ్ల అర్థమే పోతుంది. వైరు చివర ఫెర్రూల్ (లోహపు తొడుగు) కొట్టి, నంబరు ట్యూబు వేసి, మోటారు కేబుల్‌కి దూరంగా తీసుకెళ్లండి. జీరో వోల్ట్ అదే సప్లైది కావాలి. డ్రైవ్‌కి ఈడీఎం అవుట్‌పుట్ (ఎస్‌టీఓ పడిందని, అంటే పనిచేసి టార్క్ తీసేసిందని, చెప్పే సిగ్నల్) ఉంటే రిలే రీసెట్ లూప్‌లో సిరీస్‌గా వేయండి, పోలారిటీ మాన్యువల్‌లో చూసుకుని. ఎస్‌టీఓ నిజంగా పడకపోతే రిలే మళ్లీ రీసెట్ అవదు.

ఎస్‌టీఓ పడితే మోటారుకి బ్రేక్ పడదు, టార్క్ పోతుందంతే. బరువున్న స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. అలాంటిచోట డిలే ఉన్న రిలే వాడి, ముందు స్టాప్ కమాండ్ ఇచ్చి, మోటారు ఆగడానికి పట్టే టైమ్ కొలిచి, రిలే డిలే దానికి తగ్గట్టు పెట్టి, ఆ తర్వాతే ఎస్‌టీఓకి 24 వోల్టులు తీయాలి. నిలువు యాక్సిస్ అయితే మెకానికల్ బ్రేక్ లేకుండా దాని కింద చెయ్యి పెట్టకండి.

ఇంకోటి. ఎస్‌టీఓ పడిందని మోటారు టెర్మినల్స్ ముట్టుకోకూడదు. డ్రైవ్ లోపల కెపాసిటర్లుండే డీసీ బస్‌లో చార్జ్ అలాగే ఉంటుంది. మెయిన్ ఐసొలేటర్ ఆఫ్ చేసి, డ్రైవ్ మీద రాసిన నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

టెస్టింగ్‌లో స్విచ్ నొక్కి చూసి వెళ్లిపోతారు చాలామంది. అది సగం టెస్టే. తక్కువ స్పీడులో మోటారు తిప్పుతూ రిలే దగ్గర ఎస్‌టీఓ 1 ఛానెల్ ఒక్కటే తెరవండి, మోటారు టార్క్ వదిలేయాలి. అలాగే ఎస్‌టీఓ 2. ఒకదానికి వదలకపోతే ఎక్కడో షార్టో, మర్చిపోయిన జంపరో ఉన్నట్టే. చివరగా స్విచ్ నొక్కి వదలండి. మెషిన్ కదలకూడదు. రీసెట్ నొక్కినా కదలకూడదు. స్టార్ట్ నొక్కితేనే కదలాలి. రీసెట్‌కే కదిలిందంటే పీఎల్‌సీలో (మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌లో) రన్ కమాండ్ లాచ్ అయి, అంటే ఆన్‌లోనే నిలిచిపోయి ఉంది, ప్రోగ్రామ్ రాసినతన్ని పిలవండి.