సంక్రాంతి సెలవులకు ఆస్ట్రేలియా పోతున్నారా? ముందు ప్లానులోంచి ఒక ఊరు కొట్టేయండి

మొన్న మళ్లీ అట్టాంటి వార్తే విన్నాం. పిల్లల దగ్గరికి సెలవులకు వెళ్లిన మనవైపు కుటుంబం. అద్దె కారు, తెల్లవారుజాము, గీత గీసినట్టున్న రోడ్డు. ఎదురుగా ఏ బండీ రాలేదు, ఎవరూ గుద్దలేదు. కారు దానంతటదే రోడ్డు దిగి బోల్తా పడింది. ప్రాణాలు దక్కాయి గానీ ఆ తల్లికి తుంటి ఎముక విరిగింది. పరాయి దేశంలో ఆసుపత్రి మంచం, ఇక్కడ బంధువులకు ఫోన్లు, దాటిపోయిన తిరుగు టికెట్.

నెల్లూరులో విమాన టికెట్ల పని చేస్తుంటాను. డిసెంబరు, జనవరి ప్రయాణాలకు ఇప్పుడే జనం వస్తున్నారు. పాస్‌పోర్టు భద్రం, డబ్బు జాగ్రత్త లాంటివి మీకు చెప్పక్కర్లేదు. నేను చూసిన ఒక్క తప్పు గురించే ఎక్కువ చెప్తాను. ఎన్నో కుటుంబాల సెలవుల్ని పాడుచేసింది అదే: ఉన్న రోజులకు మించి ఊళ్లు పెట్టుకోవడం, ఆ తర్వాత చాలని టైమును నిద్రలోంచి కోసుకోవడం.

ప్లాను వేసేటప్పుడు

ఆస్ట్రేలియా విస్తీర్ణం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశం 33 లక్షల్లోపే. అంటే మనకు రెండింతలకు పైన. ఫోన్‌లో మ్యాపు తెరిస్తే మాత్రం అదీ అరచేతిలోనే పడుతుంది, ప్రకాశం జిల్లా కూడా అరచేతిలోనే పడుతుంది. అక్కడే మోసపోతాం.

ఈ మధ్య కావలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు ఫోన్‌లో చెప్పిన ప్లాను క్యాలెండర్ కాగితం వెనక బాల్‌పెన్నుతో నీటుగా రాసుకొచ్చాడు. మొత్తం తొమ్మిది రోజులు. సిడ్నీ రెండు, మెల్బోర్న్ రెండు, ఉలురు అనే ఎర్ర కొండ దగ్గర ఒకటి, కెయిర్న్స్ రెండు, గోల్డ్‌కోస్ట్ రెండు. కూడి చూడండి, తొమ్మిదీ అయిపోయాయి. మరి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేదెప్పుడు? ప్రయాణానికంటూ ఆ కాగితం మీద ఒక్క పూట కూడా లేదు. పైగా కెయిర్న్స్ నుంచి గోల్డ్‌కోస్ట్‌కు కారు అని రాసుంది. ఎందుకండీ అంటే, "రెండూ ఒకే రాష్ట్రమంట కదా అబ్బయ్యా, ఎంత దూరం ఉంటదిలే" అన్నాడు. క్వీన్స్‌లాండ్ ఒకే రాష్ట్రమే. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు 1,750 కిలోమీటర్లు. మన హైవే మీద చెన్నైలో బయల్దేరి కోల్‌కతా చేరడం కంటే ఎక్కువ.

సిడ్నీ నుంచి మెల్బోర్న్ పక్కపక్కనే అనుకుంటారు. 880 కిలోమీటర్లు. నెల్లూరులో ఎక్కి ఇచ్ఛాపురంలో దిగినట్టు. సిడ్నీ నుంచి పెర్త్ రోడ్డు మీద సుమారు 3,900. విమానంలోనే ఐదు గంటలు పడుతుంది. ఇక ఉలురు, ఆ ఎర్ర కొండ. దానికి దగ్గరి పెద్ద ఊరు ఆలిస్ స్ప్రింగ్స్ అని పుస్తకాల్లో రాస్తారు. ఆ దగ్గర అనేది 450 కిలోమీటర్ల పైమాట, మనకు హైదరాబాద్ ఎంతో అంత. మధ్యలో కావలి, ఒంగోలు, చిలకలూరిపేట లాంటివేమీ రావు. పెట్రోలు పోసే రోడ్డుహౌసులు నాలుగైదు, మిగతాదంతా ఎర్రమట్టి, పొదలు.

విమానంలో పోతాం కదా, గంటన్నరే కదా అంటారు. లెక్క వేసి చూపిస్తాను. సిడ్నీలో పది గంటలకల్లా హోటల్ గది ఖాళీ చేయాలి. సామాను సర్దుకుని ఎయిర్‌పోర్టుకు చేరి, గంట గంటన్నర అక్కడ కూర్చుని, గంటన్నర ఎగిరి, మెల్బోర్న్‌లో బెల్టు దగ్గర సూట్‌కేసుల కోసం నిలబడి, 20 కిలోమీటర్ల పైన బస్సులో ఊళ్లోకి రావాలి. కొత్త హోటల్ గది రెండింటి దాకా ఇవ్వరు. స్నానం చేసి బయటికొచ్చేసరికి సాయంత్రం. ఊరు మారిన ప్రతిసారీ ఒక పగలు పోయినట్టే రాసుకోండి. ఇంకో సంగతి, మరీ చౌకగా కనిపించే మెల్బోర్న్ టికెట్ కొన్నిసార్లు అవలాన్ అనే వేరే ఎయిర్‌పోర్టుకు ఉంటుంది. అది ఊరికి 50 కిలోమీటర్ల పైనే. మిగిలిందనుకున్న డబ్బు దారి ఖర్చులకే సరి.

తొమ్మిది రోజులకు రెండు చోట్లు, పదిహేను రోజులకు మూడు. ఇంతే నేను ఒప్పుకునేది. సిడ్నీ చుట్టుపక్కలే చూడాల్సింది వారానికి సరిపడా ఉంది. బ్లూ మౌంటెన్స్‌కు సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల్లో కటూంబాలో దిగుతారు, చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ కావలి పెద్దాయన కాగితంలో ఉలురు, కెయిర్న్స్ కొట్టేయించాను. ముందు కాస్త నొచ్చుకున్నాడు, తర్వాత తనే గోల్డ్‌కోస్ట్ కూడా తీసేద్దామన్నాడు.

మీ కాగితం తీయండి. ఒక ఊరు కొట్టేయండి.

దిగిన రోజు

మన ప్రయాణం సిడ్నీ విమానంలో మొదలు కాదు. ముందురోజు సాయంత్రం నెల్లూరులోనో ఒంగోలులోనో కారెక్కడంతో మొదలవుతుంది. చెన్నైలో అర్ధరాత్రి దాకా లైన్లలో నిలబడి, సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారి, మళ్లీ ఎనిమిది గంటలు కూర్చోవాలి. డిసెంబరులో సిడ్నీ టైము మనకంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఏడు అంటే మన ఒంటికి అర్ధరాత్రి ఒంటిగంటన్నర. ఆ ఒంటితో స్టీరింగ్ పట్టుకోవద్దు. దిగిన రోజు కారు అద్దెకు తీసుకోవద్దు. మరుసటి రోజు కూడా దూరం పోవద్దు.

అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే. అందుకే మనవాళ్లకు లేని ధైర్యం వస్తుంది. "తిరుపతికి రాత్రిళ్లు ఎన్నిసార్లు పోలేదు" అంటారు. తిరుపతి రోడ్డు మిమ్మల్ని నిద్రపోనివ్వదు. గేదె అడ్డం వస్తుంది, స్పీడ్‌బ్రేకర్ వస్తుంది, లారీ హారన్ కొడుతుంది, టీ కొట్టు దగ్గర ఆపుతారు. అక్కడ నున్నటి రోడ్డు మీద గంటకు 110 పోతుంటే స్టీరింగ్ కదిపే పనే ఉండదు. పక్కనున్నవాళ్లు నిద్రపోతారు, వెనకవాళ్లు నిద్రపోతారు, చివరికి నడిపేవాడికీ రెప్ప పడుతుంది.

ఇంకో రకం ఉంది, ఇది మరీ ప్రమాదం. అమ్మానాన్న వచ్చారని అబ్బాయి శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి ఏడింటికి బయల్దేరదీస్తాడు. సెలవు పెట్టడానికి వీల్లేదు, చూపించాల్సినవి చాలా ఉన్నాయి. వాడు పొద్దున్నుంచీ పనిచేసి ఉంటాడు. వాడిది ప్రేమే, కాదనను. కానీ తల్లిదండ్రులుగా వద్దనాల్సింది మీరే. "రేపు పొద్దన పోదాంలే నాయనా, ఈ రాత్రి పడుకో" అనండి. వాడు వినకపోతే మీరు కారెక్కకండి. అప్పుడైనా ఆగుతాడు.

టైము చాలడం లేదా? ఒక ఊరు కొట్టేయండి. నిద్ర జోలికి పోవద్దు.

మిగతావి

రెండు గంటలకోసారి కారు ఆపాలి. అలసట లేకపోయినా సరే.

ఊరు దాటాక పొద్దు గూకితే నడపొద్దు. కంగారూలు మేతకు వచ్చేది మునిమాపున, తెల్లారేటప్పుడు. అడ్డం వస్తే తిన్నగా బ్రేకు వేయాలి, స్టీరింగ్ తిప్పితే బోల్తానే. లోపలి ప్రాంతాల్లో చీకటి పడ్డాక నడిపితే చాలా అద్దె కార్లకు బీమా వర్తించదు, ఆ షరతు చదివి సంతకం పెట్టండి.

రోడ్ ట్రెయిన్ అని మూడు నాలుగు ట్రెయిలర్ల లారీలుంటాయి, కొన్ని 50 మీటర్ల పొడవు కూడా దాటతాయి. దాటేయాలని తొందరపడొద్దు.

వెనక సీట్లోనూ బెల్టు. ఏడేళ్లలోపు పిల్లలకు వాళ్ల వయసుకు తగ్గ సీటు అద్దె కారుతో పాటే అడగండి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అక్కడ నేరం.

ఆలిస్ స్ప్రింగ్స్ వైపు పోతే ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కారులో నీళ్లు ఎక్కువగా ఉంచండి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి, నడిచి పోవద్దు.

మనకు ముగ్గులేసే చలి, వాళ్లకు నడి ఎండాకాలం. ఉలురు దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. దాని చుట్టూ నడవాలంటే 10 కిలోమీటర్ల పైచిలుకు, తెల్లారకముందే మొదలుపెట్టాలి. పైకెక్కడం 2019 అక్టోబరు నుంచి నిషేధం, అడగను కూడా అడగొద్దు.

కార్చిచ్చు హెచ్చరిక ఉన్న దిక్కుకు పోవద్దు. హోటల్‌కు కట్టిన డబ్బు పోతే పోనీండి.

సముద్రంలో గస్తీవాళ్లు పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి. మైపాడులో, కొత్తపట్నంలో దిగే అలవాటు అక్కడ పనికిరాదు. ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదొద్దు, తేలుతూ చెయ్యెత్తండి. కెయిర్న్స్ వైపు నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీచేపలు. మొసళ్ల బోర్డున్న చోట ఒడ్డుకు కూడా పోవద్దు.

ఆవకాయ, కాజాలు, కరివేపాకు, పప్పులు, ఏది పెట్టెలో ఉన్నా విమానంలో ఇచ్చే కార్డు మీద ఉందని రాయండి. రాస్తే మహా అయితే పారేస్తారు, దాస్తే జరిమానా. మలై కాజా పాలతో చేసింది, మనవళ్లకు ప్రాణమైనా సరే ఇంట్లోనే వదిలేయండి.

బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలో, డాక్టర్ చీటీతో సహా. బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బు దాచొద్దు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ వర్తించదు, ఆసుపత్రి ఖర్చంతా మనదే.

అత్యవసరానికి నంబరు 000. అమ్మ ఫోన్‌లో కూడా వేసి పెట్టండి, నొక్కడం నేర్పండి.

ఎండాకాలంలో క్వీన్స్‌లాండ్ గడియారం సిడ్నీ కంటే గంట వెనక ఉంటుంది. టికెట్ మీద టైము ఆ ఊరిదే.

తిరుగు విమానం ఏ ఊరి నుంచైతే ఆ ఊరికి ముందురోజు సాయంత్రానికే చేరాలి. అదేరోజు ఉదయం ఇంకో ఊరి నుంచి ఎగిరొచ్చి అందుకుందాం అనే ప్లాను నా దగ్గరికి తేవొద్దు. రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నప్పుడు మొదటిది లేటైతే రెండో కంపెనీ ఆగదు, డబ్బూ ఇవ్వదు. పండగ రోజుల్లో నలుగురికి మళ్లీ టికెట్లు కొనాలంటే వచ్చేటప్పుడు పెట్టినదానికి ఎన్నో రెట్లు పెట్టాలి. ఆ చివరి రాత్రికి చోటు లేదంటే ఇంకో ఊరు కొట్టేయండి.