మాగ్నెటోపాజ్ ఎంత వేగంగా కదిలిందో మీరే లెక్క కట్టండి

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. భూమి అయస్కాంత క్షేత్రానికి అంతరిక్షంలో ఒక హద్దు ఉందని, దాన్ని మాగ్నెటోపాజ్ అంటారని, సూర్యుడి వైపు అది భూకేంద్రం నుంచి సుమారు 64,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుందని చెబుతుంటే, చంద్రగిరి నుంచి వచ్చే అమ్మాయి "మేడమ్, అది ఎప్పుడూ అక్కడే ఉంటుందా?" అని అడిగింది. ఉండదు. సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం) ఒత్తిడి పెరిగితే లోపలికి, తగ్గితే బయటికి జరుగుతుంది. అదీ సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి వందకు పైనే.

నాసా వాళ్ల సీడీఏవెబ్ (CDAWeb) వెబ్‌సైట్‌లో ఉపగ్రహాల డేటా ఉచితంగా దొరుకుతుంది. 2000లో ప్రయోగించిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో మొదలుపెట్టండి. అయస్కాంత క్షేత్రం, కణాల సాంద్రత గ్రాఫ్‌లను ఒకదాని కింద ఒకటి పెట్టుకోండి. హద్దు లోపల క్షేత్రం నిలకడగా ఉంటుంది, సాంద్రత చాలా తక్కువ. బయట క్షేత్రం అటూ ఇటూ ఊగిపోతుంది, సాంద్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ మార్పు ఏ సెకనులో వచ్చిందో రాసుకోండి.

ఒక్క ఉపగ్రహం రాసిన టైముతో వేగం రాదు. కొండకు పోయే బస్సు అలిపిరి దాటిన టైము ఒక్కటే తెలిస్తే ఏం లాభం? లీలామహల్ సెంటర్‌లో ఇంకొకరు నిలబడి టైము రాసుకోవాలి, మధ్య దూరం కూడా తెలియాలి. ఇక్కడా అంతే. రెండు ఉపగ్రహాల మధ్య 600 కిలోమీటర్లు, హద్దు తాకిన టైముల తేడా 12 సెకన్లు అనుకుందాం. వేగం సెకనుకు 50 కిలోమీటర్లు.

తొందరపడి ఇక్కడే ఆపేయకండి. నేను మొదటిసారి ఇక్కడే తప్పు చేశాను. లెక్కలోకి రావలసింది ఉపగ్రహాల మధ్య పూర్తి దూరం కాదు, హద్దుకు లంబంగా ఉన్న దూరం మాత్రమే. ఉపగ్రహాలను కలిపే గీత ఆ లంబంతో 60 డిగ్రీలు చేస్తుంటే, 600 కాస్తా 300 అవుతుంది, వేగం 25కి పడిపోతుంది. లంబం ఎటు ఉందో రెండు ఉపగ్రహాలు చెప్పలేవు. క్లస్టర్‌ను నాలుగు ఉపగ్రహాలతో, పిరమిడ్ ఆకారంలో నడిపింది అందుకే. నాలుగు టైములుంటే దిక్కూ వేగమూ కలిసే వస్తాయి.

జవాబు సరిగ్గా ఉందో లేదో సౌరపవనం ఒత్తిడితో సరిచూసుకోండి. హద్దు దూరం, ఒత్తిడి ఆరో మూలానికి విలోమంగా మారుతుంది. ఒత్తిడి 64 రెట్లయితేనే దూరం సగమవుతుంది. 6 రెట్లయితే హద్దు 10 భూవ్యాసార్ధాల నుంచి సుమారు 7.4కి వస్తుంది, అంటే 16,000 కిలోమీటర్లకు పైగా జరుగుతుంది. అది మూడు నిమిషాల్లో జరిగితే వేగం సెకనుకు 90 దాకా ఉంటుంది. మీకు వేలల్లో వస్తే టైములు మళ్లీ చూడండి.

ఉపగ్రహం లోపలి నుంచి బయటికి వచ్చినట్టు గ్రాఫ్‌లో కనిపిస్తే, చాలాసార్లు హద్దే లోపలికి వచ్చి దాన్ని దాటిపోయిందని అర్థం. అక్కడ ఉపగ్రహం వేగం సెకనుకు రెండు మూడు కిలోమీటర్లకు మించదు.