మోకాళ్ల అరుగుదలకు ఎసిక్లోఫెనాక్–పారాసిటమాల్ మాత్ర: లెక్క తప్పకుండా వాడే తీరు

మోకాలు పట్టేసి మెట్లు దిగలేని రోజున మన మందుల షాపుల్లో ఎక్కువగా చేతికొచ్చేది ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర. జీరోడాల్-పి, హైఫెనాక్-పి లాంటి పేర్లతో దొరుకుతుంది. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు ఇది. అయినా చీటీ లేకుండా షీటు తెచ్చుకోవడం, అయిపోగానే ఇంకో షీటు తెచ్చుకోవడం ఊరూరా అలవాటైపోయింది. మాత్ర ఒకటే కానీ లోపలున్నవి రెండు మందులు, రెండింటికీ వేరువేరు హద్దులు. ఎసిక్లోఫెనాక్ లెక్క కడుపుతో, కిడ్నీతో, గుండెతో. పారాసిటమాల్ లెక్క కాలేయంతో. రెండు లెక్కలూ వేసుకున్నవాళ్లే దీన్ని నిశ్చింతగా వాడగలరు.

ముందుగా ఒక మాట. ఇది అరిగిన గుజ్జును తిరిగి పెంచదు, అరుగుదలను ఆపదు. నొప్పి, వాపు తగ్గించి ఆ కొన్ని రోజులు గట్టెక్కిస్తుంది, అంతే. అసలు మీది అరుగుదలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. పొద్దున లేచాక బిగుతు అరగంటలోపు సడలి, నడిచేకొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గితే అరుగుదల కావచ్చు. వేళ్ల కీళ్లు వాచి, బిగుతు గంటకు పైగా ఉంటే అది కీళ్లవాతం కావచ్చు, దాని వైద్యమే వేరు. ఒక్క మోకాలే ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే మాత్ర వేసి చూద్దామనుకోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

షీటు వెనక్కి తిప్పి చదవండి

వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘ఈచ్ ఫిల్మ్ కోటెడ్ టాబ్లెట్ కంటెయిన్స్’ అన్న వరుస కింద ఉన్నదే అసలు సమాచారం. కళ్లకు ఆనకపోతే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసుకుని చూడండి. మాత్రలు ఆ వరుస లేని చివరి నుంచి కత్తిరించుకుంటూ రండి. అప్పుడు ఆఖరి మాత్ర దాకా మందు పేరు, గడువు తేదీ మిగిలే ఉంటాయి.

బ్రాండు పేరు చివరి అక్షరాలు మారితే లోపలి సరుకు మారుతుంది. ‘ఎస్‌పి’ అంటే సాధారణంగా సెర్రాషియోపెప్టిడేజ్ అనే ఎంజైమ్ అదనం. వాపు తగ్గిస్తుందని ఇస్తారు కానీ ఆధారాలు బలహీనం. దాన్ని మొదట తెచ్చిన జపాన్‌లోనే, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా కనిపించక 2011లో మార్కెట్ నుంచి తీసేశారు. మోకాళ్ల అరుగుదలకు దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం. ‘ఎంఆర్’ అని ఉంటే కండరాలు సడలించే మందు కలిసి ఉంటుంది. పెద్దవాళ్లు అది వేసుకుని రాత్రి బాత్రూమ్‌కు లేస్తే తూలి పడే ప్రమాదం ఉంది. ఇంట్లో పాత షీట్లుంటే ఇంకోటి చూడండి. 2024 ఆగస్టులో కేంద్రం నిషేధించిన 156 మిశ్రమ మందుల్లో ఎసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 కలిపిన మాత్ర ఒకటి. 100/325 ఆ జాబితాలోది కాదు.

వేసుకునే పద్ధతి

డాక్టరు వేరేగా చెప్పకపోతే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్య దాదాపు 12 గంటల ఎడం. ఎసిక్లోఫెనాక్ రోజుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే రెండు మాత్రలు. మూడోది వద్దు. మూడోదానితో నొప్పి అంతకంటే తగ్గేది పెద్దగా ఉండదు, ముప్పు మాత్రం పెరుగుతుంది. కాలేయం బలహీనంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు రోజుకు ఒక్కదానితోనే మొదలుపెడతారు.

భోజనమో టిఫినో అయ్యాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట దాకా నడుం వాల్చకుండా ఉండాలి. మందు పూర్తిగా పట్టుకోవడానికి గంటంపావు నుంచి మూడు గంటలు పడుతుంది. కాబట్టి గుడికో పెళ్లికో ఎక్కువ నడవాల్సి ఉంటే బయల్దేరేటప్పుడు కాదు, ముందే వేసుకోవాలి. కార్తీక సోమవారం ఉపవాసమో రంజాన్ ఉపవాసమో ఉన్న రోజు ఖాళీ కడుపున వేసుకోవద్దు. తిన్న తర్వాత వేసుకునే వీలుంటేనే ఆ పూట మాత్ర. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయకూడదు.

అరవై దాటినవాళ్లకు, ఒకప్పుడు కడుపులో పుండు అయినవాళ్లకు పాంటోప్రజోల్ 40 లాంటి గ్యాస్ బిళ్ల తోడు రాస్తారు. అది పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. నొప్పి మాత్రతో పాటు తిన్నాక మింగితే అంత బాగా పనిచేయదు. మంట వచ్చాక తాగే యాంటాసిడ్ సిరప్పు దానికి బదులు కాదు. గ్యాస్ బిళ్ల కాపాడేది కడుపును, దాని కిందుండే పేగు మొదటి భాగాన్ని మాత్రమే. కిడ్నీని కాపాడదు. ‘గ్యాస్ బిళ్ల వేస్తున్నాం కదా’ అని నెలల తరబడి నొప్పి మాత్ర వాడేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

వాడకం రోజుల్లో ఉండాలి, నెలల్లో కాదు. నొప్పి తిరగబెట్టినప్పుడు ఐదు నుంచి ఏడు రోజులు వాడి, ఆపి చూడండి. రెండు వారాలు దాటినా అవసరం పడుతోందంటే డాక్టరును కలిసి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ చూపించుకోవాలి.

కిడ్నీ సంగతి

కిడ్నీలో ప్రతి వడపోత గుత్తికి రక్తం వచ్చే నాళం ఒకటి, పోయే నాళం ఒకటి. రక్తం తగ్గినప్పుడు వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. కీళ్లలో నొప్పి, వాపు పెంచేవీ అవే. ఎసిక్లోఫెనాక్ తగ్గించేది వాటినే. నొప్పి తగ్గేదీ అందుకే, కిడ్నీకి కష్టం వచ్చేదీ అందుకే. పోయే నాళాన్ని కాస్త బిగించి వడపోతకు ఒత్తిడి నిలబెట్టేది యాంజియోటెన్సిన్ అనే హార్మోన్. బీపీకి వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ ఆ బిగింపును సడలిస్తాయి. వీటికి తోడు హైడ్రోక్లోరోథయజైడ్, ఫ్రుసిమైడ్ లాంటి నీరు లాగే మందు ఉంటే లోపలికి వచ్చే రక్తమే తగ్గుతుంది. వచ్చే దారి మూసుకుపోయి, పోయే దారి తెరుచుకుని, అసలు రక్తమే తక్కువైతే వడపోత బాగా పడిపోతుంది. ఒక్కో మందుతో ఉండే ముప్పు మూడూ కలిస్తే బాగా పెరుగుతుంది.

మీ బీపీ బిళ్ల పేరు చివర ‘హెచ్’ ఉంటే చాలా బ్రాండ్లలో నీరు లాగే మందు అందులో కలిసే ఉన్నట్టు. బిళ్ల ఒకటే కదా అనుకుని రెండు మందులు వాడుతున్నామన్న సంగతే చాలామందికి తెలియదు. అలాంటివాళ్లు ఈ మాత్ర మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూపించుకోవాలి, వాడేటప్పుడు వారం పది రోజుల్లో బీపీ కొలిపించుకోవాలి. బీపీ బిళ్ల మాత్రం సొంతంగా ఆపకూడదు. ఎండాకాలం చెమట పట్టి ఒళ్లు ఎండినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఆ రోజు నుంచే నొప్పి మాత్ర ఆపేయాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లు, షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు క్రియాటినిన్ చూడకుండా ఒక్క షీటు కూడా మొదలుపెట్టవద్దు.

వీళ్లకు ఈ మాత్ర వద్దు: గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు పడినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, గుండె బలహీనపడినవాళ్లు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు, ఆస్పిరిన్ జాతి మందుతో ఆయాసమో దద్దుర్లో వచ్చినవాళ్లు, గర్భిణులు. రక్తం పలుచనచేసే ఎసిట్రోమ్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు ఎక్కువ. మెథోట్రెక్సేట్, లిథియం వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకూడదు.

పారాసిటమాల్ లెక్క

రెండు మాత్రల్లో 650 మిల్లీగ్రాములు వెళ్తుంది. జలుబు చేసి డోలో 650 మూడు వేసుకుంటే ఇంకో 1950. మొత్తం 2600. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 4000 పై హద్దు. సన్నగా ఉండే ముసలివాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు 2000 దాటకుండా చూసుకోవడం మంచిది. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. అది తోడైతే రెండు లెక్కలూ ఒకేసారి తప్పుతాయి. ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చే విడి మాత్రలు, పేరు లేని నాటు పొడులు ఈ మాత్రతో కలపవద్దు. వాటిలో నొప్పి మందో స్టెరాయిడో ఉన్నా మీకు తెలిసే దారి లేదు. స్టెరాయిడ్, నొప్పి మాత్ర కలిస్తే కడుపులో పుండు ముప్పు బాగా పెరుగుతుంది.

వానాకాలం జ్వరం వస్తే ఇంకో జాగ్రత్త. డెంగీ కాదని తేలేదాకా ఈ మాత్ర ఆపి, విడి పారాసిటమాల్ మాత్రమే వేసుకోవాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి, ఎసిక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఆర్నెల్లకు సరిపడా షీట్లు సర్దుకుంటారు. ఎసిక్లోఫెనాక్‌కు అక్కడ అనుమతి లేదు, డాక్టరు గుర్తుపట్టకపోవచ్చు. చీటీ మీద మందు పేర్లు పూర్తిగా రాయించుకుని వెళ్లండి. అక్కడ టైలెనాల్ మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది, అది మన పారాసిటమాలే. అడ్విల్‌లో ఐబుప్రోఫెన్, అలీవ్‌లో నాప్రోక్సెన్ ఉంటాయి. ఇవి రెండూ ఎసిక్లోఫెనాక్ జాతివే, కలిపి వేయకూడదు.

వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు: విరేచనం తారులా నల్లగా జిగటగా పోవడం (ఐరన్ మాత్రలతోనూ నలుపు వస్తుంది, కానీ జిగురు, ఘాటు వాసన రక్తానివి), రక్తపు వాంతి, మూత్రం తగ్గిపోవడం, రెండు మూడు రోజుల్లో పాదాలు వాచి రెండు కిలోలు పెరగడం, కళ్లు పచ్చబడటం, ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒళ్లంతా దద్దుర్లు.

మాత్ర అవసరాన్ని తగ్గించుకునే దారి

మోకాలికైతే మింగే మాత్ర కంటే ముందు డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడాలి. చర్మం మీద రాసిన మందు రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. డబ్బా మీద రాసినన్ని సార్లు, మోకాలి చుట్టూ రాయాలి. బఠాణీ గింజంత రాసి పనిచేయలేదనుకోవద్దు. రాశాక వేడి కాపడం పెట్టకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు.

తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండోకాలు నిటారుగా చాచండి. చాచిన కాలి మోకాలి చిప్పను తొడవైపు లాగుతున్నట్టు కండరం బిగించి, కాలిని జానెడు ఎత్తుకు లేపి ఐదు లెక్కపెట్టే దాకా నిలిపి మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. ఊపిరి బిగబట్టకూడదు. మోకాలిలో పోటు వస్తే ఎత్తు తగ్గించండి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నేల మీద మఠం వేసుకుని భోంచేయడం మాని కుర్చీ, బల్ల వాడండి. దేశీ మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ స్టాండు తెచ్చుకుంటే పొద్దున్నే పడే మొదటి కష్టం తప్పుతుంది.

ఒక చిన్న నోటుపుస్తకంలో మాత్ర వేసుకున్న తేదీ, పూట, ఆ రోజు ఇంకేం మందులు వాడారో రాసుకోండి. డాక్టరు దగ్గరికి షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని ఆ పుస్తకంతోపాటు పట్టుకెళ్లండి. బీపీ, షుగరు బిళ్లలు, జెల్ ట్యూబు, పసరు మందు దాకా అన్నీ.