భూటాన్‌లోని హా లోయకు పర్మిట్: దరఖాస్తు తేలికే, పిల్లల కాగితం దగ్గరే చిక్కు

భూటాన్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది పారో, థింఫూ, పునాఖా చూసుకుని తిరిగొచ్చేస్తారు. పారో నుంచి 3,988 మీటర్ల ఎత్తున్న చేలే లా కనుమ ఎక్కి అవతలి వైపు దిగితే హా జిల్లా వస్తుంది. లోయే దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి మే నెలలో కూడా రాత్రి స్వెటర్ వేసుకోవాల్సిందే. పర్యాటకులకు ఈ లోయను 2002లో గాని తెరవలేదు. ఇప్పటికీ పొలాలు, పశువులు, చెక్క ఇళ్ళు, రెండు పాత గుళ్ళు, భారత సైనిక శిక్షణ బృందం శిబిరం, అంతే. నాకైతే ఆ 'అంతే' కోసమే వెళ్ళాలనిపిస్తుంది.

అక్కడికి వెళ్ళడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు. ఈ ఒక్క మాట పట్టుకునే చాలామంది దెబ్బ తింటున్నారు. వీసా లేకపోయినా ఎంట్రీ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్‌కు ఆధార్ పనికిరాదు. భూటాన్ సరిహద్దుకు ఆనుకుని మన వైపున్న జైగావ్ ఊరి దాకా కుటుంబమంతా వచ్చి, గేటు ఇవతలే ఆగిపోయిన వాళ్ళను చూశాకే ఇది రాస్తున్నాను. వాళ్ళలో ఒక్కరు కూడా నిర్లక్ష్యంగా వచ్చిన వాళ్ళు కాదు. హోటల్, కారు, తిరుగు టికెట్లు అన్నీ ముందే బుక్ చేసుకున్నారు. కాగితం ఒక్కటే వేరేది తెచ్చారు.

ముందు తేలిక పనులు. భూటాన్ ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫొటో, గుర్తింపు పత్రం స్కాన్, ఏ దారిన ఏ తేదీన వస్తారు, ఎన్ని రాత్రులు ఉంటారు, ఎక్కడ బస చేస్తారు అన్నవి అడుగుతారు. వివరాలు పెట్టాక ఐదు పనిదినాల వరకు పట్టవచ్చు. మన ఆదివారాలతో పాటు భూటాన్ సెలవులు కూడా లెక్కలో ఉంచుకోండి. నేరుగా జైగావ్ గేటు అవతలున్న ఫుంత్‌షోలింగ్ సరిహద్దులోనో, పారో విమానాశ్రయంలోనో దిగాక తీసుకునే వీలు కూడా ఉంది. కానీ పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఇంట్లోంచే పెట్టుకోవడం మంచిది. ఏదైనా తిరస్కరిస్తే ఇంట్లో కూర్చునే సరిచేసుకోవచ్చు.

వెబ్‌సైట్ అసలుదా కాదా అని అనుమానం వస్తే చిరునామా చివర చూడండి. భూటాన్ ప్రభుత్వ సైట్లు 'డాట్ గవ్ డాట్ బీటీ' అని ముగుస్తాయి. వెతగ్గానే పైన కనబడే వాటిలో కొన్ని ట్రావెల్ ఏజెంట్లవి. అవి మోసం అనను, కానీ మీరు ఉచితంగా నింపుకోగల ఫారానికి సర్వీస్ చార్జి కడుతున్నారని తెలుసుకుని కట్టండి.

కట్టాల్సిన అసలు డబ్బు వేరే ఉంది. దాన్ని సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ ఫీజు అంటారు, అందరూ ఎస్‌డీఎఫ్ అనేస్తారు. కోవిడ్‌కు ముందు మనకు ఇది లేదు. 2022 సెప్టెంబరులో సరిహద్దులు మళ్ళీ తెరిచినప్పటి నుంచి భారతీయులకు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు సగం, ఆరేళ్ళ లోపు వాళ్ళకు లేదు. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప ఐదు రాత్రులు ఉంటే 15,000 రూపాయలన్నమాట. ఇది హోటల్, కారు ఖర్చులకు అదనం. ఏజెంటు ఇచ్చే ప్యాకేజీలో ఎస్‌డీఎఫ్ కలిసి ఉందో లేదో విడిగా రాయించుకోండి. 'అన్నీ కలిపే సార్' అన్న మాటకు రసీదు ఉండదు.

ఇక అసలు విషయం. పెద్దవాళ్ళకు చెల్లేవి రెండే: పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటర్ కార్డు. పాస్‌పోర్టు అయితే ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ చెల్లవు. ఆధార్ ఎందుకు వద్దంటారని కౌంటర్ దగ్గర వాదించే వాళ్ళుంటారు. మన ఆధార్ పత్రం మీదే అది గుర్తింపుకే గాని పౌరసత్వానికి రుజువు కాదని అచ్చేసి ఉంటుంది. మనకు వీసా లేకుండా రానిచ్చేది భారతీయులమనే కదా, దానికి రుజువు అడగడంలో అన్యాయం ఏమీ లేదు.

ఓటర్ కార్డుతో వెళ్ళేవాళ్ళు ఒరిజినల్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్న ఫొటో, జిరాక్స్ నమ్ముకోవద్దు. కార్డు పోయి ఉంటే ఎన్నికల సంఘం ఫారం 8 పెట్టి మళ్ళీ తెప్పించుకోవాలి, అందుకు వారాలు పట్టవచ్చు. టికెట్ల కంటే ముందు ఆ పని చూడండి. ఇంకో సంగతి, దరఖాస్తులో ఏ కార్డు నంబరు ఇచ్చారో చేతిలో అదే ఉండాలి. ఓటర్ కార్డుతో దరఖాస్తు పెట్టి, పాస్‌పోర్టు ఉంది కదా అని కార్డు ఇంట్లో వదిలేస్తే పర్మిట్‌లో ఒక నంబరు, చేతిలో ఇంకో నంబరు అవుతుంది. మన ఇంటిపేర్లతో ఈ గొడవ ఇంకా ఎక్కువ. ఓటర్ కార్డులో ఇంటిపేరు మొదట వచ్చి, పాస్‌పోర్టులో చివర వస్తుంది. ఒకచోట పూర్తిగా ఉంటే మరోచోట ఒక్క అక్షరమే ఉంటుంది. మీరు చూపించబోయే పత్రం మీద ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే నింపండి. అందంగా సరిచేయబోకండి.

పెద్దవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు కూడా తడబడేది పిల్లల దగ్గర. 18 ఏళ్ళ లోపు వాళ్ళకు ఓటర్ కార్డు ఉండదు కాబట్టి పాస్‌పోర్టు గాని, ఇంగ్లీషులో ఉన్న బర్త్ సర్టిఫికెట్ గాని కావాలి. తల్లిదండ్రులు వెంట ఉండాలి. స్కూల్ ఐడీ కార్డు, పిల్లల ఆధార్ లెక్కలోకి రావు.

బర్త్ సర్టిఫికెట్ ఉందిలే అనుకుంటాం. ఒకసారి బయటికి తీసి చూడండి. ఆస్పత్రిలో పుట్టిన వెంటనే నమోదు చేయించిన సర్టిఫికెట్లలో చాలావాటిలో పిల్లల పేరు గడి ఖాళీగా ఉంటుంది. బారసాల తర్వాత పేరు చేర్పించాలని ఎవరికీ గుర్తుండదు, స్కూల్లో కూడా పెద్దగా పట్టించుకోరు. పేరు లేని సర్టిఫికెట్ మీ పక్కన నిలబడ్డ పిల్లాడిదేనని సరిహద్దులో అధికారి ఎలా నమ్ముతాడు? మీసేవలో 'చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్' అనే సేవ ఉంది, మున్సిపాలిటీలో గాని పంచాయతీలో గాని జనన రిజిస్ట్రార్ ద్వారా పేరు చేరుస్తారు. చట్టం ప్రకారం పుట్టిన ఏడాదిలోపు అయితే రుసుము లేదు, ఆ తర్వాత కొద్దిగా కట్టాలి. డబ్బు కాదు సమస్య, రోజులు. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

తల్లిదండ్రుల పేర్లు కూడా సరిచూడండి. సర్టిఫికెట్‌లో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉండి, ఓటర్ కార్డులో అత్తవారి ఇంటిపేరుతో ఉండటం మనలో మామూలే. అదొక్కటే కారణంగా వెనక్కి పంపేస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రశ్న వస్తే జవాబుగా చూపడానికి పెళ్ళి సర్టిఫికెట్ లాంటిది సంచిలో ఉంటే మీకే టెన్షన్ తగ్గుతుంది. తాతయ్య, అమ్మమ్మ మాత్రమే మనవళ్ళను తీసుకెళ్ళే ప్లాన్ అయితే మానుకోవడమే నయం. లేదా ముందే ఇమ్మిగ్రేషన్ శాఖకు రాసి జవాబు తెప్పించుకోండి.

పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు ఈ తంటా లేదు, కానీ పిల్లల పాస్‌పోర్టు గడువు మామూలుగా ఐదేళ్ళే. తల్లిదండ్రులది పదేళ్ళు కదా అని పిల్లలది చూడకుండా బయలుదేరేవాళ్ళు ఉన్నారు.

ఎవరూ చెప్పని ఇంకో మెలిక కాలేజీ పిల్లలది. 18 నిండిన వాళ్ళకు బర్త్ సర్టిఫికెట్ చెల్లదు. పాస్‌పోర్టు లేదు, ఓటుకు ఇంకా నమోదు కాలేదు. ఇంట్లో అందరికీ పర్మిట్ వచ్చి, ఇంటర్ అయిపోయిన అబ్బాయి ఒక్కడికే రాకపోతే మొత్తం ప్రయాణమే ఆగుతుంది. 17 దాటినవాళ్ళు ఫారం 6తో ముందుగానే ఓటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 18 నిండాయా అని చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగు ఉన్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు. తొందరగా కావాలంటే పాస్‌పోర్టే మేలు.

అమెరికాలో పుట్టిన మనవలను కూడా కలుపుకుని వెళ్ళే కుటుంబాలు ఇది చదవాలి. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు భూటాన్‌లో భారత పౌరసత్వం కాదు. ఆ పిల్లలు అమెరికా పౌరులే. వాళ్ళకు వీసా కావాలి, దరఖాస్తుకు 40 డాలర్లు. ఎస్‌డీఎఫ్ రాత్రికి 100 డాలర్లు, 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు అందులో సగం. మనతో పాటు 1,200 రూపాయలకు వచ్చేయరు.

ఇవేవీ లేకుండా జైగావ్ చేరిన వాళ్ళ చుట్టూ బ్రోకర్లు మూగుతారు. 'ఆధార్ చాలు సార్, లోపల మనవాళ్ళున్నారు' అంటారు. పర్మిట్ ఇచ్చేది భూటాన్ అధికారి. మీ ఫొటో, వేలిముద్రలు తీసుకునేది కూడా అక్కడే. మధ్యలో ఎవరు ఎంత తీసుకున్నా ఆ కౌంటర్ ముందు నిలబడేది మీరే. ఫుంత్‌షోలింగ్‌లో మన కాన్సులేట్ ఉంది. పౌరసత్వానికి తగిన రుజువు చూపగలిగిన వాళ్ళకు అక్కడ గుర్తింపు స్లిప్ ఇచ్చే ఏర్పాటు ఉంది. కార్డు దారిలో పోగొట్టుకున్న వాళ్ళకు అది ఉపయోగం. అది దొరుకుతుందిలే అని ఇంటి దగ్గర బయలుదేరకండి. సెలవు రోజైతే అదీ లేదు. ఫుంత్‌షోలింగ్‌లో గడియారం మనకంటే అరగంట ముందుంటుంది, ఆఫీసు మూసే వేళ లెక్కలో అది కూడా గుర్తుంచుకోండి.

హా సంగతికి వస్తే, దరఖాస్తులో ప్రయాణ వివరాలు నింపేటప్పుడే ఆ పేరు చేర్చండి, అక్కడ రాత్రి ఉండేట్లయితే బస వివరం కూడా. పారో, థింఫూ దాటిన రోడ్ల మీద చెక్‌పోస్టులు ఉంటాయి. ఆ రోడ్ల మీద వెళ్ళడానికి ఇచ్చే రూట్ పర్మిట్ ఎవరు తెస్తారో మీ డ్రైవర్‌తోనో, ఆపరేటర్‌తోనో బయలుదేరక ముందే తేల్చుకోండి. అన్ని కాగితాల జిరాక్స్‌లు రెండు సెట్లు విడిగా ఉంచుకోండి, కొండ ఊళ్ళో జిరాక్స్ షాపు వెతకడం కష్టం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచుతో చేలే లా దారి మూసేసే రోజులుంటాయి. అప్పుడు చుజోమ్ మీదుగా నది పక్కన వెళ్ళే రోడ్డు ఉంది. సమయం ఎక్కువ పట్టినా హా చేరతారు, కారు మాట్లాడుకునేటప్పుడే ఆ దారికి రేటు ఎంతో అడిగేయండి.