డీకోడర్ పెట్టే ముందు మీటరు పట్టండి

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయి. నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో బుల్లి రైలింజన్లు దాచుకున్న మనవాళ్ళందరూ అట్టపెట్టెలు కిందికి దించే రోజులివి. ఏడాది పొడుగునా పక్కన పెట్టిన డీసీసీ డీకోడర్ పనిని చాలామంది ఈ సెలవుల్లోనే పట్టుకుంటారు. డీసీసీ అంటే పట్టాల మీది ఒక్కో ఇంజన్‌నూ విడిగా నడిపే డిజిటల్ పద్ధతి, డీకోడర్ అంటే అందుకోసం ఇంజన్ లోపల పెట్టే చిన్న సర్క్యూట్ బోర్డు. ఎండలు ముదరకముందే కొన్ని జాగ్రత్తలు చెప్పాలనిపించి రాస్తున్నాను. డీకోడర్ వేల రూపాయల వస్తువు. మన దగ్గర కొట్లో దొరకదు, తెప్పించుకోవాలి. అది పాడైతే ఆ సెలవులంతా పోయినట్టే.

నా మొదటి డీకోడర్ అలాగే పోయింది. మిర్యాలగూడ నుంచి మా మేనల్లుడు వచ్చి ఉన్నాడు. ఇద్దరం కలిసి రాత్రి పది దాకా కూర్చుని తీగలన్నీ అతికాం. "మామా, ఒక్కసారి కరెంటిచ్చి చూద్దాం" అన్నాడు. ఇచ్చాను. ఇంజన్ కదల్లేదు. కాలిన వాసన వచ్చింది, డీకోడర్ మీద ఒక చిప్పు బొబ్బలెక్కింది. మర్నాడు విప్పి చూస్తే మోటారు అడుగున గోరంత రాగి రేకు ఒకటి చట్రానికి ఆనుకునే ఉంది. అతుకులన్నీ బాగానే ఉన్నాయి. అతకడానికి ముందు మీటరు (మల్టీమీటరు) పట్టి ఉంటే ఆ రేకు రెండు నిమిషాల్లో దొరికేది. ఇప్పుడు వాడు ఎప్పుడు వచ్చినా ముందు మీటరు తీసి బల్ల మీద పెడతాడు.

పాత పద్ధతిలో, అంటే మామూలు డీసీలో, పట్టాల్లోకి ఎంత వోల్టేజీ ఇస్తే అంతా చక్రాల మీదుగా నేరుగా మోటారుకు పోతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీలో అలా కాదు. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. బుల్లి రైళ్ళలో చిన్న సైజైన ఎన్ స్కేలుకు సుమారు 12 నుంచి 14 వోల్టులు, దానికంటే పెద్దదైన హెచ్‌ఓ స్కేలుకు 14 నుంచి 16 వోల్టులు. ఆ కరెంటులోనే ఆదేశాలు కూడా వస్తాయి. ఇంజన్‌లో ఉన్న డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే తీసుకుని మోటారును తిప్పుతుంది. కాబట్టి పట్టాకూ మోటారుకూ మధ్య డీకోడర్ ఒక్కటే దారి కావాలి. మోటారుకు కరెంటు అందే రెండు కాళ్ళలో ఏ ఒక్కటి చట్రానికో చక్రానికో తగిలినా పట్టాల కరెంటు వెనక వైపు నుంచి డీకోడర్‌లోకి దూరుతుంది. డీకోడర్లు కాలిపోవడానికి మొట్టమొదటి కారణం ఇదే.

అందుకని డీకోడర్ ప్యాకెట్ విప్పకముందే ఈ పరీక్ష చేయండి. మోటారుకు ఉన్న పాత కనెక్షన్లు తీసేయండి. మీటరును కంటిన్యూటీలో, అంటే రెండు ముళ్ళ మధ్య కరెంటుకు దారి ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో, పెట్టండి. ఒక ముల్లు మోటారు ఒక కాలికి ఆనించి, రెండో ముల్లు కుడి చక్రాలకు, తర్వాత ఎడమ చక్రాలకు, తర్వాత చట్రానికి ఆనించండి. మోటారు రెండో కాలికి కూడా ఇలాగే. ఎక్కడా బీప్ రాకూడదు. అంతటితో ఆపకండి. చక్రాలను చేత్తో తిప్పుతూ, చట్రాన్ని వేళ్ళతో కొద్దిగా నొక్కుతూ మళ్ళీ చూడండి. బల్ల మీద ఊరుకున్నప్పుడు తగలని రేకు, ఇంజన్ వంపు తిరిగేటప్పుడు తగలొచ్చు. ఈ పరీక్ష డీకోడర్ అతకకముందే చేయాలి. అతికాక చేస్తే డీకోడర్ లోపలి భాగాల గుండా మీటరు ఏదో ఒక రీడింగ్ చూపిస్తుంది, దాన్ని నమ్మలేం.

ఎన్ స్కేలు ఇంజన్లు పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలావాటికి చట్రం రెండు సగాలుగా ఉంటుంది. ఒక సగం కుడి పట్టాకు, ఇంకో సగం ఎడమ పట్టాకు కరెంటు తీగలా పనిచేస్తుంది. రెండూ తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు, మరలకు ప్లాస్టిక్ వాషర్లు ఉంటాయి. విప్పేటప్పుడు వాటిలో ఒక్కటి కింద పడి కనపడకపోయినా తిరిగి బిగించగానే షార్ట్. నేను తెల్ల గుడ్డ పరిచిన స్టీలు పళ్ళెంలో విప్పుతాను, విప్పిన ప్రతి దశకూ ఫోన్లో ఫొటో తీస్తాను. మోటారు రేకులు చట్రానికి దగ్గరగా పోయే చోట కాప్టన్ టేప్ ఒక పొర వేయండి. మొబైల్ రిపేర్ షాపుల్లో బంగారు రంగులో కనిపిస్తుందే, అదే. పాత లైటు బోర్డు తీసి ఆ చోట్లోనే కూర్చోబెట్టే డీకోడర్లు ఉంటాయి. తీగలు అతికే పని లేదు కదా అని వాటితో నిశ్చింతగా ఉండకండి. ఆ బోర్డు ఒక వెంట్రుకంత పక్కకు జరిగినా మోటారు రేకు చట్రం మీద కూర్చుంటుంది.

నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు. మే నెలలో మన ఇళ్ళలో దాని జిగురు కరిగి, టేపు జారి, అతుకు బయటపడుతుంది. ప్రతి అతుకుకూ సన్నని హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం, వేయండి. కోఠిలో గుజరాతీ గల్లీకి పోతే అన్ని సైజులూ దొరుకుతాయి. స్లీవ్ ముందే తీగకు ఎక్కించుకుని ఆ తర్వాత అతకాలి. మర్చిపోతే అతుకు విప్పక తప్పదు. డీకోడర్ మొత్తాన్ని మాత్రం స్లీవ్‌లో చుట్టేయకండి, దాని వేడి బయటికి పోవాలి.

చట్రాన్ని అరగదీసి చోటు చేయాల్సి వస్తే మోటారును తీసి వేరే గదిలో పెట్టండి. మోటారులో అయస్కాంతం ఉంటుంది, ఇనుప రజను ఉన్నదంతా లాక్కుంటుంది. చట్రం పోత లోహం రజను అయస్కాంతానికి అంటకపోయినా కరెంటును పోనిస్తుంది. అరగదీశాక బ్రష్‌తో దులిపి, గుడ్డతో తుడిచి, అప్పుడే మోటారు బిగించండి.

తీగల రంగులు ఇవి. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా. నారింజ, బూడిద రంగు మోటారువి. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు. నీలం లైట్లన్నింటికీ ఉమ్మడి పాజిటివ్. ఆకుపచ్చ, ఊదా అదనపు ఫంక్షన్లు. అన్ని తప్పులూ ఒకటి కావు. ఎరుపు, నలుపు తారుమారైతే ఏమీ కాదు. నారింజ, బూడిద తారుమారైతే ఇంజన్ వెనక్కి పోతుంది, మార్చి అతికితే సరి. కానీ మోటారు తీగ పట్టా తీగతో కలిస్తే, లేదా నీలం తీగ చట్రానికి తగిలితే, అక్కడ నష్టం ఖాయం. వాడని తీగలను కత్తిరించి ఊరుకోకుండా ఒక్కోదాని చివరకు విడిగా స్లీవ్ వేయండి.

పాత హెచ్‌ఓ ఇంజన్లలో హెడ్‌లైట్ బల్బు ఒక కాలు చట్రానికే బిగించి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి నీలం తీగ కలపకండి, చట్రం నుంచి విడదీయాలి. ఎల్‌ఈడీ పెడితే ఒక్కోదానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి. గోధుమ, నలుపు, ఎరుపు గీతలున్నది. అది లేకుండా కలిపితే ఎల్‌ఈడీ వెంటనే మాడిపోతుంది. పొడుగు కాలు నీలం వైపు.

డీకోడర్ కొనేముందే చూడాల్సిన సంగతి ఇంకొకటి. ఇంజన్‌ను 12 వోల్టుల డీసీ మీద నడిపి, మీటరును ఆంపియర్లలో సిరీస్‌గా పెట్టి, మోటారును ఒక్క క్షణం వేలితో ఆపి ఎంత కరెంటు లాగుతుందో చూడండి. డీకోడర్ మోయగలదని రాసిన అంకె అంతకంటే ఎక్కువ ఉండాలి. డీసీ మీదే కుంటుతూ నడిచే ఇంజన్‌కు డీకోడర్ పెట్టినా లాభం లేదు. ముందు చక్రాలు, గేర్లు శుభ్రం చేసి సాఫీగా నడిచేలా చేసుకోండి. మన దగ్గర రాళ్ళ దుమ్ము ఎక్కువ, చక్రాల మీద నల్లటి పొర త్వరగా కడుతుంది.

ఇప్పుడు సోల్డరింగ్. 25 వాట్ల ఐరన్, సన్నని మొన, లోపల రోజిన్ ఉన్న సన్నని సోల్డర్ చాలు. డబ్బాల పనికి, పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి కూడా రానీయకండి, నెలల తర్వాత కూడా అది రాగిని తింటూనే ఉంటుంది. తీగకు ముందు సోల్డర్ పూసి, కలపాల్సిన చోట పూసి, రెండూ కలిపి రెండు మూడు సెకన్లు ఐరన్ ఆనిస్తే అతుక్కోవాలి. అతుక్కోకపోతే ఐరన్ తీసేసి, చల్లారనిచ్చి మళ్ళీ చేయండి. తీగ పైపొర కరిగి పక్క తీగకు తగిలేది అక్కడే పట్టుకుని కూర్చున్నప్పుడే.

ఎర్తింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు, మన ఊళ్ళలో అది ముఖ్యం. చవకైన రెండు పిన్నుల ఐరన్ మొనకు టెస్టర్ పెట్టి చూడండి, ఒక్కోసారి వెలుగుతుంది. ఆ లీకేజీ డీకోడర్‌కు చాలు. మూడు పిన్నుల ఐరన్ వాడండి. అయితే గోడలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఇంటికి ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. ఉన్నా కూడా ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఎర్తింగ్ గుంతలో వారానికోసారి బిందెడు నీళ్ళు పోయండి. పాత ఎలక్ట్రీషియన్లు ఇళ్ళకు చెప్పే మాటే ఇది. నమ్మకం కుదరకపోతే ఐరన్ బాగా వేడెక్కాక ప్లగ్గు పీకేసి, ఆ వేడితోనే ఒక్కో అతుకు చేయండి. ఆలస్యమైనా ప్రమాదం ఉండదు.

పొడి గాలిలో ఒంటి మీది స్టాటిక్ కరెంటు కూడా చిప్పులను చంపుతుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, నూలు బట్టలతో కూర్చోండి. డీకోడర్ ముట్టుకునే ముందు ఎర్తింగ్ ఉన్న ఇనుప వస్తువును ఒకసారి తాకండి. డీకోడర్‌ను అంచులతోనే పట్టుకోండి. పని పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపు ముగించుకోవడం నా అలవాటు. మధ్యాహ్నం ఫ్యాన్ వేస్తే చిన్న మరలు ఎగురుతాయి, ఐరన్ మొన చల్లబడుతుంది. ఆపితే చెమట బోర్డు మీద పడుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బోరు నీళ్ళతో తుడిస్తే ఎండాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. ఆల్కహాల్ సీసా ఐరన్‌కు దూరంగా పెట్టి మూత బిగించండి, అది పెట్రోలులా అంటుకుంటుంది. కిటికీ తెరిచి ఉంచండి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లలు పక్కన కూర్చుని చూడొచ్చు, కళ్ళద్దాలు పెట్టి కూర్చోబెట్టండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఇంజన్‌ను మెయిన్ ట్రాక్ మీద పెట్టనే వద్దు. ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద, అంటే డీకోడర్ సెట్టింగులు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా ముక్క మీద పెట్టండి, అక్కడ కరెంటు చాలా తక్కువకు కట్టేసి ఉంటుంది. ఏదైనా తప్పున్నా పొగ వచ్చేదాకా పోదు. కొత్త డీకోడర్ నంబరు 3గా వస్తుంది. సీవీ 1ని, అంటే డీకోడర్‌లో దాని నంబరు దాచి ఉండే చోటును, చదవమని కమాండ్ స్టేషన్‌కు (పట్టాలకు ఆదేశాలు పంపే పెట్టెకు) చెప్పండి. 3 అని జవాబు వస్తే పట్టా తీగలు, మోటారు తీగలు వేటి చోట అవి సరిగా అతుక్కున్నట్టే, ఎందుకంటే డీకోడర్ మోటారును చిన్నగా కదిపే జవాబు చెబుతుంది. జవాబు రాకపోతే ఎంత ఆత్రంగా ఉన్నా మెయిన్ ట్రాక్ మీదికి తేవద్దు. విప్పి వెతకండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ లేనివాళ్ళు 12 వోల్టుల బైక్ ఇండికేటర్ బల్బును పట్టా తీగకు సిరీస్‌లో పెట్టుకోండి. ఎక్కడో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వెంటనే ఆపేయొచ్చు.

డీకోడర్ లేని ఇంజన్‌ను డీసీసీ పట్టాల మీద ఊరికే నిలబెట్టడం కూడా మంచిది కాదు. సన్నగా గుయ్యిమంటూ మోటారు వేడెక్కుతుంది. కోర్‌లెస్ మోటారైతే, అంటే తిరిగే తీగచుట్ట లోపల ఇనుప దిమ్మ లేని రకమైతే, పాడైపోతుంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. మబ్బు పడితే ఆ రోజుకు ప్రోగ్రామింగ్ ఆపేయండి. ముఖ్యంగా డీకోడర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్‌గానీ సౌండ్ ఫైలుగానీ ఎక్కిస్తుండగా కరెంటు పోతే డీకోడర్ మధ్యలో నిలిచిపోవచ్చు. కరెంటు పోగానే కమాండ్ స్టేషన్ స్విచ్ ఆపి, వచ్చి నిలకడ పడ్డాక వేయండి.

అన్నీ సరిగా ఉన్నాయని తేలాక బాడీ మూసేటప్పుడు తీగ నలగకుండా చూడండి. ఫ్లైవీల్‌కు, గేరుకు ఆనే తీగను పక్కకు ఒత్తి కాప్టన్ ముక్కతో అంటించండి. బాడీ మూశాక ఇంజన్‌ను మళ్ళీ ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదికే తీసుకుపోయి నంబరు ఇంకోసారి చదివించండి. అప్పుడు మెయిన్ ట్రాక్ మీద పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, ఆపి, బాడీ పైన వేలు పెట్టి వేడి చూడండి. నడిపాక రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేయకండి, ప్లాస్టిక్ బాడీ వంగిపోతుంది. ఇంట్లో చల్లగా ఉండే కింది అరలో, పడుకోబెట్టి పెట్టండి.