ఏఐని అడిగే ముందు సరిహద్దుకు ఏ పక్క ఉన్నారో చెప్పండి

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో నాకు జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. ఈమధ్య దరఖాస్తుల కంటే ఎక్కువగా జనం ఫోన్లు తెచ్చి చూపిస్తున్నారు. "ఏఐ ఇలా చెప్పింది, నిజమేనా?" అని అడుగుతారు. చదివి చూస్తే ఆ జవాబు సరిహద్దుకు అవతల, ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్లకు పనికొచ్చేదిగా ఉంటుంది. గ్రామ సచివాలయానికి వెళ్లమంటుంది, మండల వ్యవసాయాధికారిని కలవమంటుంది. గజపతి జిల్లాలో మండలం ఎక్కడుంది? ఇక్కడ ఉన్నవి బ్లాకులు, తహసీళ్లు.

ఏఐ తాను నేర్చుకున్న రాతల్లో ఎక్కువగా కనబడినదాన్ని బట్టి జవాబు అల్లుతుంది. తెలుగు రాతలో ఎక్కువ భాగం ఆంధ్ర, తెలంగాణలదే. కాబట్టి తెలుగులో అడిగినవాళ్లెవరైనా ఆ రెండిట్లో ఏదో ఒకచోట ఉన్నారనుకుంటుంది.

దీనివల్ల డబ్బు కూడా పోవచ్చు. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఒడిశా ప్రభుత్వం దానిమీద మరో 800 కలిపి 3,100 ఇచ్చింది. ఊరు చెప్పకుండా "ధాన్యం మద్దతు ధర ఎంత?" అని ఆ ఏడు అడిగితే 2,300 అని వచ్చేది. అది అబద్ధం కాదు. కానీ ఆ అంకె మనసులో పెట్టుకున్న రైతుకు, కల్లం దగ్గరికి వచ్చి 2,400 ఇస్తానన్న దళారి దేవుడిలా కనిపిస్తాడు.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ల ఫోన్లో ముందుగా నాలుగు మాటలు రాసి దాచిపెడుతున్నాను. ఏది అడగాలన్నా ముందు అది అతికించి, దాని కింద ప్రశ్న రాయాలి:

"నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంటాను. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. నాకు ఒడిశా నిబంధనలే వర్తిస్తాయి. ఆంధ్ర నిబంధన చెప్పవలసి వస్తే అది ఆంధ్రదని విడిగా రాయి. ఏ సంవత్సరం సమాచారమో చెప్పు. ఖాయంగా తెలియనిది ఖాయమన్నట్టు చెప్పకు."

చివరి వాక్యాన్ని అది ప్రతిసారీ పాటిస్తుందని నమ్మకండి. పాటించినప్పుడు మాత్రం మేలు చేస్తుంది.

చదువు దగ్గర చిక్కు వేరే. మన పిల్లలు చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుతారు, ఇంట్లో తెలుగులో చెబితేనే అర్థమవుతుంది. ఏఐని తెలుగులో వివరించమంటే కిరణజన్య సంయోగక్రియ అని మొదలుపెడుతుంది. పిల్ల పరీక్షలో రాయవలసింది ఒడియా పుస్తకంలో దానికున్న పేరు, ఆలోకశ్లేషణ. పాఠం పేజీ ఫొటో తీసి ఇచ్చి, ఇలా అడగండి:

"ఇది ఒడిశా బోర్డు తొమ్మిదో తరగతి పాఠం. తెలుగులో వివరించు, కానీ పారిభాషిక పదాలు పుస్తకంలో ఉన్నట్టు ఒడియావే ఉంచు. ఒక్కొక్క భాగం చెప్పి ఆగు, ఒక ప్రశ్న అడుగు. నేను తప్పు చెబితే వెంటనే జవాబు ఇవ్వకు, చిన్న సూచన ఇవ్వు."

"ఆగు" అన్న మాట ముఖ్యం. అది లేకపోతే మూడు పేజీలు గడగడా అప్పజెబుతుంది, పిల్ల తలూపుతుంది, అంతే.

ఇక నిర్ణయాలు. వేసవి వచ్చిందంటే నా బల్ల ముందు నలిగే ప్రశ్న ఒకటే: పది అయిపోయింది, అమ్మాయిని ఇక్కడే ప్లస్‌టూలో చేర్చాలా, శ్రీకాకుళంలో ఇంటర్‌కు పంపాలా? "శ్రీకాకుళం పంపడం మంచిదే కదా?" అని అడిగితే మంచిదే అంటుంది. కొత్త సంభాషణ తెరిచి "ఇక్కడే ఉంచడం మంచిదే కదా?" అనండి, దానికీ తలూపవచ్చు. అడిగేవాడి మొగ్గు పట్టుకుని దానికి తగ్గట్టు మాట్లాడే గుణం దీనికి ఉంది. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంతే. అందుకని మీ మనసులో ఉన్నది బయటపెట్టకుండా రెండు దారులూ ముందుంచండి:

"దారి ఒకటి: పర్లాకిమిడిలో ప్లస్‌టూ. దారి రెండు: శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి ఇంటర్. ఏడాదికి మేము పెట్టగలిగింది ఇంత. అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు, తెలుగు చదవడం తక్కువ. ఏది మంచిదో ఇప్పుడే చెప్పకు. ముందు నన్ను అడగవలసిన ప్రశ్నలు అడుగు. తర్వాత ఒక్కొక్క దారిలో రెండేళ్ల తర్వాత ఏ తలుపులు మూసుకుపోతాయో చెప్పు."

మూసుకుపోయే తలుపుల గురించి అడగమనడానికి కారణం ఉంది. ఆంధ్రలో ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా నింపే ఇంజనీరింగు సీట్లలో (కన్వీనర్ సీట్లంటారు) 85 శాతం స్థానికులకే. ఆ స్థానికతను ఎక్కడ, ఎన్నేళ్లు చదివారన్నదాన్ని బట్టి చూస్తారు. రెండేళ్లు హాస్టల్లో ఉంటే పిల్ల ఆంధ్ర పిల్ల అయిపోతుందని చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు. మరోవైపు ఒడిశా కోటా నిబంధనలూ ఉంటాయి. ఇలాంటివి ఏఐని ఊరికే అడగకూడదు. ఆ ఏటి ప్రవేశాల నోటిఫికేషన్ దింపుకుని, స్థానికత గురించిన భాగం అతికించి, "ఇందులో ఉన్నదాన్ని బట్టే చెప్పు, ఏ వాక్యం ఆధారమో చూపించు" అనండి. చూపించిన వాక్యం నిజంగా అందులో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. చివరిగా "కాలేజీ ఆఫీసులో నేను అడగవలసిన ప్రశ్నలు రాసివ్వు" అంటే మంచి కాగితం చేతికొస్తుంది. నా మట్టుకు దీని అసలు ఉపయోగం ఆ కాగితమే.

ప్రణాళికల సంగతి తేలిక. అమ్మను విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే రైలు వేళలు దాన్ని అడగకండి. స్టేషన్లో కనుక్కున్న వేళ, అమ్మ ఎంతసేపు కూర్చోగలదు, చేతిలో డబ్బెంత, ఆ రాత్రి తిరిగి రావాలా అన్నవి మీరే ఇవ్వండి. రైలు తప్పితే ఏం చేయాలో కూడా రాయమనండి.

ఆధార్ ఫొటో, బ్యాంకు పాసుపుస్తకం దానికి పెట్టకండి. కాగితంలో అర్థం కాని వాక్యం ఉంటే పేర్లు, నంబర్లు వదిలేసి ఆ వాక్యం ఒక్కటే టైపు చేయండి. టైపు చేయడం రాకపోతే మైకు గుర్తు నొక్కి చెప్పండి. పంపే ముందు అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో మాత్రం చూసుకోండి.