సీసాన్ని అడుగు నుంచి పోసే పాత్రను సొంతంగా తయారు చేసుకోవడం

విసురు వల అంచుకు కట్టే సీసపు గుళ్ళను సొంతంగా పోత పోసుకునేవారు సాధారణంగా ఇనుప గరిటెతో పని కానిస్తారు. గరిటెతో తోడిన ప్రతిసారీ పైన తేలే తెట్టు కొంత అచ్చులోకి జారి గుళ్ళకు గుంటలు పడతాయి. పాత్ర అడుగున రంధ్రం పెట్టి, దానిని బిరడా కడ్డీతో మూసి, మీట ఎత్తినప్పుడు మాత్రమే లోహం దిగేలా అమర్చితే తెట్టు పైనే ఉండిపోయి శుభ్రమైన సీసం అచ్చులోకి చేరుతుంది.

పాత్రకు 4 అంగుళాల నల్ల ఇనుప పైపును 15 సెంటీమీటర్ల పొడవున కోయించి, అడుగున 6 మిల్లీమీటర్ల ఇనుప రేకును లోపలా బయటా వెల్డింగు చేయించాలి. ఇందులో 10 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 9 కిలోల సీసం పడుతుంది. జింకు పూత ఉన్న పైపు, అల్యూమినియం గిన్నె, ఇత్తడి అమరికలు దీనికి పనికిరావు. వెల్డింగు అతుకులకు బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి కొన్ని గంటలు ఉంచితే సన్నని పగులున్న చోట సుద్దపై తడి మరక కనిపిస్తుంది. పరీక్ష తరువాత కిరోసిన్ ఒంపేసి, పాత్రను పూర్తిగా తుడిచి, వాసన పోయేదాకా ఆరుబయట ఆరనివ్వాలి.

అసలు పనితనమంతా బిరడా కూర్చునే చోటే ఉంది. 20 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ ముక్కకు లేత్ మీద నిలువునా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించి, దాని పై అంచును 90 డిగ్రీల గరాటులా విప్పించి, పాత్ర అడుగున మధ్యలో వెల్డింగు చేయించాలి. బిరడాగా పనిచేసే 10 మిల్లీమీటర్ల కడ్డీ కొనను మాత్రం 60 డిగ్రీల మొనగా చెక్కించాలి. రెండు కోణాలూ వేరుగా ఉన్నప్పుడే కొన సన్నని వలయంలా ఆని బాగా మూస్తుంది. ఆ తరువాత ఇంజను వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టును కొనకు రాసి, ఆ వలయం చుట్టూ తెగకుండా మెరిసేదాకా ఓపికగా తిప్పాలి. 10 సెంటీమీటర్ల సీసం అడుగున చూపే ఒత్తిడి మీటరు ఎత్తు నీటి ఒత్తిడికి సమానం కాబట్టి, ఇక్కడ తొందరపడితే పాత్ర కారుతూనే ఉంటుంది.

కొత్తవారిని తికమకపెట్టే విషయం ఒకటుంది. కరిగిన సీసం సాంద్రత ఇనుము కంటే ఎక్కువ కావడం వల్ల ఇనుము అందులో తేలుతుంది. బిరడా కడ్డీ కూడా తన బరువుతో గట్టిగా కూర్చోదు. అందుకే కడ్డీ పై కొసకు 300 గ్రాముల దాకా బరువు బిగించాలి, లేదా మీటను కిందికి లాగే స్ప్రింగు పెట్టాలి. కడ్డీ నిటారుగా కదలడానికి పాత్ర పైన రంధ్రమున్న పట్టీ ఒకటి అవసరం. కడ్డీ 4 మిల్లీమీటర్లకు మించి లేవకుండా మీటకు అడ్డు పెడితే ధార అదుపులో ఉంటుంది.

వేడికి ప్లాస్టిక్ మోల్డింగు యంత్రాలకు చుట్టే సిరామిక్ బ్యాండు హీటరు, 900 వాట్లది, సరిపోతుంది. అడుగున మంట పెట్టే పద్ధతి కంటే ఇదే మేలు, ఎందుకంటే రంధ్రం కింద చోటు ఖాళీగా ఉంటుంది. చుట్టూ సిరామిక్ ఉన్ని కప్పి, వేడిని కొలిచే కె రకం థర్మోకపుల్‌ను ఉష్ణోగ్రత నియంత్రికకు కలపాలి. పాత్రకు, స్టాండుకు ఎర్తింగు తప్పనిసరి కాబట్టి ఈ వైరింగు ఎలక్ట్రీషియన్ చేతనే చేయించుకోవాలి. సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది, పోతకు 370 నుంచి 400 చాలు. 419 డిగ్రీల వద్ద కరిగే జింకు ముక్కలు ఏవైనా తుక్కులో కలిసి ఉంటే, అంతకు లోపు వేడిలో అవి గట్టిగానే తేలుతాయి కనుక తీసి పారేయవచ్చు. పాత బ్యాటరీ పలకలను మాత్రం ఎంత చవకగా దొరికినా కరిగించకూడదు. వాటిలోని మిశ్రమ లోహాల నుంచి ప్రాణాంతక వాయువులు పుట్టవచ్చు.

స్టాండును బల్లకు బోల్టులతో బిగించి, కింద ఇనుప పళ్ళెం ఉంచాలి. పని ఆరుబయట షెడ్డులో, పిల్లలకు, వంటకు దూరంగా జరగాలి. నూలు బట్టలు, తోలు చేతి తొడుగులు, ముఖానికి కవచం, కాళ్ళకు బూట్లు ధరించాలి. కరిగిన సీసంలో నీటి చుక్క చిక్కితే క్షణంలో ఆవిరై లోహాన్ని పైకి ఎగజిమ్ముతుంది. కాబట్టి అచ్చును, గరిటెను, అదనంగా వేసే ప్రతి ముక్కను ముందుగా వేడి చేసి ఆరబెట్టాలి. పైన గీకి తీసిన పొడి కూడా విషమే. దానిని మూత ఉన్న డబ్బాలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

అంతా కరగడానికి అరగంట దాకా పడుతుంది. మొదట్లో రంధ్రపు ముక్కు చల్లగా ఉండి సీసం అక్కడే గడ్డకడితే బలవంతంగా మీట లాగకుండా, గ్యాసు టార్చితో ముక్కును కొద్దిసేపు వేడి చేయాలి. పని ముగిశాక రెండు సెంటీమీటర్ల సీసం పాత్రలోనే వదిలేస్తే మరుసటిసారి కొత్త ముక్కలకు వేడి త్వరగా అందుతుంది. అయితే అప్పుడు బిరడా కడ్డీ గట్టిపడిన సీసంలో చిక్కుకుని ఉంటుంది కనుక, అది పూర్తిగా కరిగేదాకా మీటను ముట్టుకోకూడదు.